రెండు ఓట్లు, ఒక రిక్షా

మా అమ్మా నాన్నా ఒకే రిక్షాలో ఓటుకెళ్ళి చెరో గుర్తు మీదా గుద్ది అదే రిక్షాలో ఇంటికొచ్చేవాళ్ళు. బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి నుంచి బూత్ పెట్టే స్కూలు నడిస్తే పది నిమిషాలు కూడా ఉండదు, కానీ ఆ రోజు రిక్షా ఉండాల్సిందే, అమ్మ పట్టుచీర కట్టేది మరి. ఎక్కేముందు నాన్న ప్రతిసారీ ఒకటే మాట, "ఏమే, నీ ఓటూ నా ఓటూ ఎలాగూ కొట్టేసుకుంటాయి, ఇద్దరం మానేస్తే రిక్షా డబ్బులన్నా మిగుల్తాయి". అమ్మ కూడా ప్రతిసారీ ఒకటే జవాబు, "అయితే మీరు మానేయండి, నేనెళ్ళొస్తా". ఆ మాట అనుకుంటూనే ఇద్దరూ ఎక్కేవాళ్ళు. నన్నూ చెల్లినీ పక్కింటి మామ్మగారికి అప్పజెప్పి వెళ్ళేవాళ్ళు, వచ్చేటప్పుడు వేలి మీద సిరా చుక్క చూపించమని మేం ఎగబడేవాళ్ళం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న ఏలూరు రోడ్డులో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా చెల్లెలి కొడుకు అడిగాడు, మావయ్యా మీ చిన్నప్పుడు ఫోన్లు లేవు, టీవీలు కూడా సగం ఇళ్ళల్లో లేవు, మరి ఎవడు మంచోడో ఎవడు దొంగో మీకెలా తెలిసేదీ అని. పేపర్లు చదివేవాళ్ళంరా, మీటింగులకెళ్ళేవాళ్ళం అని గొప్పగా చెప్పేశా, పప్పులో నెయ్యేసుకుంటూ. ఇంటికొచ్చి పడుకున్నాక నిద్ర పట్టలా. వాడికి అబద్ధం చెప్పాననిపించింది. పేపర్లు చదివిన మాట నిజమే, కానీ చదివాక ఏమనుకోవాలో నాకు పేపర్ చెప్పలేదు, వేరేవాళ్ళు చెప్పారు. వాళ్ళ గురించే ఇది. కాస్త పొడుగవుద్ది, ఓపికున్నవాళ్ళే చదవండి.

నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. ఎర్రజెండా యూనియన్. ఆయన రాజకీయానికి పుట్టినరోజు ఉంది, 1974 మే 8. ఆ రోజు దేశమంతా రైల్వే సమ్మె మొదలైంది, జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వంలో, 20 రోజులు నడిచింది, వేలమందిని జైళ్ళలో పెట్టారు. నాకప్పటికి నాలుగేళ్ళు, ఒక్క ముక్క గుర్తులేదు, కానీ అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో ఇప్పుడు నేనే చూసినట్టు ఉంటది. రాత్రిళ్ళు యూనియన్ వాళ్ళ కోసం పోలీసులు తిరుగుతున్నారని కబురొస్తే నాన్న కట్టుకున్న లుంగీతోనే గుంటూరు వెళ్ళిపోయాడు, మా అమ్మమ్మగారింటికి. రైలుకి కాదు లెండి, రైళ్ళు ఆపిందే ఆయనాయె, లారీ ఎక్కి వెళ్ళాడు.

అక్కడుంది అసలు తమాషా. మా తాతయ్య బ్రాడీపేటలో పేరున్న కాంగ్రెస్ మనిషి. ఖద్దరు తప్ప కట్టడు. 1952 నుంచీ ఆ పార్టీకి తప్ప ఇంకోదానికి ఓటేసి ఎరగడు. మొదట కాడెద్దుల గుర్తుండేది, 1969లో పార్టీ చీలాక అది పోయి ఆవూ దూడా వచ్చింది, 1978లో మళ్ళీ చీలితే చెయ్యి గుర్తొచ్చింది, తాతయ్య మాత్రం దేనికీ చలించలా, ఏ గుర్తొస్తే ఆ గుర్తు మీద గుద్దుకుంటూ పోయాడు. గొడ్లన్నీ అయిపోయినయ్, ఇక చెయ్యి మిగిలిందని నాన్న ఎగతాళి చేసేవాడు, ఆయన లేనప్పుడు. అలాంటి మనిషింట్లో, ఇందిరాగాంధీ గవర్నమెంట్ మీద సమ్మె చేసి పారిపోయొచ్చిన అల్లుడు 20 రోజులు వెనకగదిలో దాక్కున్నాడు. తాతయ్య రోజూ పొద్దున్నే కాంగ్రెస్ ఆఫీసుకెళ్ళేవాడు, మధ్యాహ్నం ఇంటికొచ్చి అల్లుడితో కలిసి భోంచేసేవాడు. ఆఫీసులో ఎవరో అడిగారట, ఏమండీ మీ అల్లుడు బెజవాడ నుంచి వచ్చాడటగా అని. "అవునండీ, మామిడిపళ్ళకి పిలిపించా" అన్నాడట తాతయ్య. మే నెల కదా, ఎవరూ అనుమానపడలా.

ఆ 20 రోజులకీ జీతం లేదు, అమ్మ గాజులు రెండు మార్వాడీ కొట్టుకెళ్ళాయి. నాన్నకి ఇందిరమ్మ మీద కోపం అక్కడ గడ్డకట్టింది, ఇక కరగలా. ఏ పేపరూ ఏ ఉపన్యాసమూ దాన్ని పెంచలా, తగ్గించలా. కానీ అమ్మ ముందు మాత్రం కాంగ్రెస్ వాళ్ళని ఒక్క మాట అనేవాడు కాదు. ఎప్పుడన్నా నోరు జారితే అమ్మ వంటింట్లోంచే "మామిడిపళ్ళు" అనేది. అంతే, నాన్న నోరు మూతపడేది.

అమ్మది ఇంకో దారి. అమ్మకి ఇందిరాగాంధీ అంటే ప్రాణం, బ్యాంకుల జాతీయకరణ వల్ల కాదు, గరీబీ హఠావో వల్లా కాదు. అమ్మని పెంచింది వాళ్ళ మేనత్త, చిన్న వయసులో భర్త పోయి పుట్టింటికొచ్చిన మనిషి, ఆ ఇంట్లో మగాళ్ళు పీటల మీద కూర్చుంటే తలుపు చాటున నిలబడి మాట్లాడిన మనిషి. భర్త పోయిన ఆడది, ఇద్దరు పిల్లల తల్లి, ఇంతమంది మగాళ్ళని ఎదురుగా నిలబెట్టి మాట్లాడుతుందంటే అదే చాలు నాకు అనేది అమ్మ. నాన్న ఎమర్జెన్సీ గురించి గంటసేపు చెబితే చివర్లో "రైళ్ళు టైముకి నడిచినయ్ కదా మరి, మీ రైళ్ళేగా" అనేది. 1977లో ఉత్తరాదిలో ఆవిడ పార్టీ తుడిచిపెట్టుకుపోయి ఆవిడే రాయబరేలీలో ఓడిపోతే, మన రాష్ట్రంలో 42కి 41 సీట్లిచ్చారు, తప్పిపోయిన ఆ ఒక్కటీ నంద్యాల, అక్కడ జనతా తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచాడు. ఆ 41 సంగతి అమ్మ తనే గెలిచినట్టు చెప్పేది.

1980లో అయితే నాకు బాగా గుర్తు, పదేళ్ళొచ్చాయి. విజయవాడ పార్లమెంటుకి కాంగ్రెస్ నుంచి చెన్నుపాటి విద్య గారు నిలబడ్డారు. ఆవిడ పటమట నాస్తిక కేంద్రం గోరా గారి కూతురు. దేవుడు లేడని ఊరంతా చెప్పిన ఇంటి ఆడపడుచుకి మా అమ్మ, శనివారం ఒక్కపొద్దు, కార్తీకమాసం నెలంతా తెల్లారుజామున కృష్ణ స్నానం, గుడికెళ్ళొచ్చి మరీ ఓటేసింది. నాన్న దొరికింది ఛాన్సు అనుకుని అడిగాడు, ఇదేం విడ్డూరమే అని. "దేవుడి సంగతి దేవుడు చూసుకుంటాడు, నేను వేసేది ఆడమనిషికి" అంది. ఇప్పటికీ ఆ వాక్యం నాకు ఏ సిద్ధాంతంలో పెట్టాలో తెలియదు.

ఇంట్లో పరిస్థితి ఇది. ఇక నా సంగతి. నా రాజకీయ విద్యాభ్యాసం అంతా మా వీధి చివర సెలూన్‌లో జరిగింది. రైలు పట్టాలకి ఇవతల పక్కన రేకుల షెడ్, రెండు కుర్చీలు, గోడకి అద్దం, ఒక పొడుగు బల్ల. ఆ బల్ల మీద ఈనాడు, విశాలాంధ్ర రెండూ ఉండేవి. ఈనాడు 1978 నుంచి బెజవాడలో కూడా అచ్చవుతుంది కాబట్టి తెల్లారేసరికి వచ్చేసేది, కమ్యూనిస్టుల విశాలాంధ్ర ఎలాగూ మన ఊరి పేపరే, 1952 నుంచీ. కమ్యూనిస్టుల్లోనే ఇంకో పార్టీ వాళ్ళ ప్రజాశక్తి కూడా 1981లో దినపత్రికైంది కానీ అది మాత్రం తెప్పించేవాడు కాదు సెలూన్ బాబాయ్, ఎందుకంటే అన్నదమ్ముల తగాదాలో మనం దూరకూడదు అనేవాడు. క్షవరానికి వచ్చేవాళ్ళకంటే పేపరుకొచ్చేవాళ్ళు ఎక్కువ, ఒక్కో పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉండేది, నడిపేజీ చదివినవాడు మొదటిపేజీ వాడి కోసం కూర్చునేవాడు, ఆ కూర్చోవడంలోనే మాటలు.

బాబాయ్ ఐదో క్లాసు దాకా చదివాడంతే. కానీ అందరి మాటలూ వింటాడు కదా, షెడ్ వర్కర్లు, గవర్నరుపేట గుమాస్తాలు, పాల వ్యాపారి, రిటైరైన తెలుగు మాస్టారు, అందరివీ. పొద్దున్న ఒకడు చెప్పింది మధ్యాహ్నం ఇంకోడి మీద ప్రయోగించేవాడు, వాడేం జవాబు చెబుతాడో చూసి దాన్ని సాయంత్రం మూడోవాడికి చెప్పేవాడు. సాయంత్రానికి అది బాగా సానపట్టిన కత్తిలా తయారయ్యేది. ఆయన వాదనలో ఎప్పుడూ గెలిచేవాడు, దానికి కారణం తర్వాత్తర్వాత అర్థమైంది, గొంతు మీద కత్తి ఉండగా ఎవడైనా "అవును బాబాయ్" అనే అంటాడు కదా.

కానీ ఒకటి చెప్పాలి. పదీ పన్నెండేళ్ళ పిల్లాణ్ణి నేను, నన్ను కూడా అడిగేవాడు. కుర్చీ చేతుల మీద అడ్డంగా పలక వేసి కూర్చోబెట్టి, మిషన్ పెడుతూ, "ఏరా నువ్వేమంటావ్, బియ్యం రెండు రూపాయలకిస్తే గవర్నమెంటు దివాలా తీసుద్దంటావా" అని. ఇంట్లో ఎవరూ అడగలేదు నన్ను అలా, స్కూల్లో అసలే లేదు. నాకు తెలియదు బాబాయ్ అంటే, తెలుసుకునిరా, మళ్ళీ పదిహేను రోజులకొస్తావుగా అనేవాడు. నేను నిజంగానే తెలుసుకునేవాణ్ణి. నాన్ననడిగేవాణ్ణి, రేడియో వినేవాణ్ణి. పొద్దున ఆరూ నలభైఐదుకి విజయవాడ కేంద్రం ప్రాంతీయ వార్తలు, తర్వాత ఏడూ ఐదుకి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు, ఆ రెంటికీ మధ్య నాన్న గడ్డం, స్నానం అయిపోవాలి. నేను ఆ వార్తలు దేశం కోసం వినలేదండీ, బాబాయ్ దగ్గర తెల్లమొహం వెయ్యకుండా ఉండటం కోసం విన్నా.

బియ్యం అన్నాను కదా, అది 1982 చివర. మార్చి 29న ఎన్టీ రామారావు పార్టీ పెట్టాడు, ఆకుపచ్చ పాత షెవర్లే వ్యాన్‌కి చైతన్యరథం అని పేరుపెట్టి రాష్ట్రమంతా తిరుగుతున్నాడు. మా ఊరొచ్చే రోజు సాయంత్రం ఆరింటికి అన్నారు, తొమ్మిదన్నారు, పన్నెండన్నారు. చలికాలం. ఆడవాళ్ళు దుప్పట్లు కప్పుకుని, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, హారతి పళ్ళాల్లో కర్పూరం ఎగిరిపోతుందని మూతలు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. రాత్రి రెండు దాటాక వచ్చింది బండి. నేను ఒక ప్రహరీ గోడెక్కి చూశా. ఖాకీ బట్టల్లో ఉన్నాడు, గొంతు సగం పోయింది, ఏం మాట్లాడాడో సగం వినపడలా. మా అమ్మ ఏడ్చింది.

తర్వాత చాలామంది చాలా రాశారు, తెలుగు జనం సినిమా కృష్ణుడికి ఓటేశారు, తెరకీ నేలకీ తేడా తెలియదు వీళ్ళకి అని. నాకు ఒళ్ళు మండుద్ది అది చదివితే. మా అమ్మకి తేడా బ్రహ్మాండంగా తెలుసు. ఆవిడ లెక్క వేరే. అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చారు కాంగ్రెస్ వాళ్ళు, చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. "మా ఇంట్లో పనిమనిషిని మార్చాలన్నా నేను నాలుగుసార్లు ఆలోచిస్తా, వీళ్ళు మనల్ని అడక్కుండా నలుగుర్ని మార్చారు" అంది. ఇందిరమ్మని ప్రాణంగా చూసుకున్న మనిషి 1983 జనవరిలో సైకిల్‌కి గుద్దింది, గుద్దానని చెప్పింది కూడా. తాతయ్య నెలరోజులు అమ్మతో సరిగ్గా మాట్లాడలా. నాన్నకి ఎప్పటిలాగే ఎర్రజెండా, కమ్యూనిస్టులకీ ఎన్టీఆర్‌కీ పొత్తు కుదరలా అప్పట్లో. అంటే ఆ ఏడు మా ఇంట్లో రెండు ఓట్లూ కాంగ్రెస్‌కి వ్యతిరేకమే, కొట్టేసుకోడానికి ఏమీ లేదు, అయినా నాన్న రిక్షా దగ్గర పాత జోకే వేశాడు, అలవాటు కొద్దీ.

పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే 294లో 200 పైన సీట్లు. సెలూన్‌లో ఆ రోజు క్షవరాలు ఫ్రీ. (ఎర్రజెండా బాబాయ్ ఎందుకు ఫ్రీ చేశాడని అడిగితే, ఓడిపోయినవాడికి పని ఎక్కువుండకూడదురా అన్నాడు. నాకు అర్థం కాలా. ఇప్పటికీ.)

ఆ పై ఏడాది 1984, మా ఇంట్లో అసలు పరీక్ష. ఆగస్టు 16న ఎన్టీఆర్‌ని దించేశారు, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొచ్చిన మనిషిని, గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టాడు. ఊరంతా బందులు, ఊరేగింపులు. మా నాన్న, ఎన్టీఆర్‌కి ఓటెయ్యని నాన్న, రంగులేసుకునేవాళ్ళకి పరిపాలనేం తెలుసని రెండేళ్ళు వెక్కిరించిన నాన్న, షెడ్ నుంచి డ్యూటీ దిగి ఏలూరు రోడ్డులో ఊరేగింపులో నడిచి రాత్రికి కాళ్ళు వాచిపోయి వచ్చాడు. నువ్వు వెయ్యలేదుగా నాన్నా ఆయనకి అన్నా. "నేను వెయ్యలేదురా, మీ అమ్మేసింది. దాన్ని తీసెయ్యడానికి వాడెవడు?" అన్నాడు. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 16న మళ్ళీ ఎన్టీఆరే ముఖ్యమంత్రి. అమ్మ ఆ రోజు నాన్నకిష్టమని గారెలు చేసింది, ఎందుకు చేసిందో ఇద్దరూ అనుకోలా.

అది జరిగిన నెలన్నరకే అక్టోబర్ 31. ఇందిరాగాంధీని ఇంటి దగ్గర గార్డులే కాల్చేశారు. అమ్మ సంగతి చెప్పక్కర్లేదు. నాన్న సైకిలు గోడకి ఆనించి లోపలికొచ్చి చొక్కా కూడా విప్పకుండా కూర్చున్నాడు. అన్నం పెడితే తినలా. పక్కింటాయన వచ్చి, మీ యూనియన్ వాళ్ళకి సంతోషమేగా అన్నాడు, ఏదో మాటవరసకి. నాన్న లేచి నిలబడ్డాడు. "ఆవిడ మీద నాకు కోపం ఉంది, అది నా కోపం. దాన్ని తుపాకీతో తీర్చిపెట్టమని నేనెవడ్నీ అడగలా" అన్నాడు. నాన్న గొంతు అలా నేను అంతకుముందు వినలా, ఆ తర్వాతా వినలా.

డిసెంబర్‌లో పార్లమెంటు ఎన్నికలు. దేశమంతా సానుభూతి, రాజీవ్‌గాంధీకి 400 దాటాయి. ఒక్క మన రాష్ట్రంలోనే తెలుగుదేశానికి 42లో 30 వచ్చాయి, లోక్‌సభలో ప్రతిపక్షంలో అన్నిటికంటే పెద్ద పార్టీ అదే అయింది. విజయవాడలో కూడా తెలుగుదేశమే. మా ఇంట్లో ఆ ఎన్నిక గురించి ఎవరికీ అనుమానం లేదు, అమ్మ ఏడ్చింది కాబట్టి చేతికే వేసుంటుంది, నాన్న ఊరేగింపులో నడిచాడు, పైగా కమ్యూనిస్టులు కూడా ఈసారి అటే, కాబట్టి సైకిల్. అడగాల్సిన పనే లేదనుకున్నాం. ఈ డిసెంబర్ ఎన్నిక సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక్కడో చిన్న పక్కదారి. మా అమ్మాయి హైదరాబాద్‌లో జర్నలిజం చదివేటప్పుడు ఒకసారి ఫోన్‌లో పాఠం చెప్పింది నాకు. 1940లో అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఈరీ కౌంటీ అనే చోట లాజర్స్‌ఫెల్డ్ అనే ఆయనా ఆయన జట్టూ కలిసి 600 మందిని మే నుంచి నవంబర్ దాకా నెలనెలా కలిసి అడుగుతూ పోయారట, అధ్యక్ష ఎన్నికల్లో ఓటు రూజ్‌వెల్ట్‌కా విల్కీకా, ఎందుకూ, ఎప్పుడు తేల్చుకున్నారూ అని. రేడియో, పేపర్లు జనం మనసు ఎలా తిప్పేస్తాయో కనుక్కుందామని మొదలుపెడితే తేలిందేంటంటే, ఆర్నెల్లలో ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీకి మారినవాళ్ళు చాలా కొద్దిమంది, మిగతావాళ్ళ మీద పేపర్ల కంటే పక్కనున్న మనుషుల మాటే ఎక్కువ పనిచేసింది, పేపరూ రేడియో శ్రద్ధగా పట్టించుకునేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళ నోటి నుంచి మిగతావాళ్ళకి పోద్ది అని. ఓస్ ఇంతేనా, మా సెలూన్‌కొస్తే ఒక్క ఆదివారంలో తేలిపోయేదిగా అన్నా. అది నవ్వి ఇంకోటి చెప్పింది, ఇంట్లో ఒకరిది ఒక పార్టీ, స్నేహితులది ఇంకో పార్టీ అయ్యి రెండువైపుల లాగుడు ఉన్నవాళ్ళు చివరిదాకా తేల్చుకోలేరట, కొందరు విసుగొచ్చి అసలు ఓటుకే పోరట. దానికి మాత్రం నేనేం అనలా. మా అమ్మా నాన్నా గుర్తొచ్చారు, విసుగు రాలేదు వాళ్ళకి పాపం, రిక్షా ఎక్కారు ప్రతిసారీ.

1988 డిసెంబర్ 26. బెజవాడ వాళ్ళకి ఈ తేదీ వివరించక్కర్లేదు. నిరాహారదీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగా గారిని చంపారు, ఊరు తగలబడింది, కర్ఫ్యూ పెట్టారు. నేను ఎస్సారార్ కాలేజీలో డిగ్రీ. అప్పటిదాకా మేం నలుగురు స్నేహితులం, మాచవరం డౌన్‌లో టీ కొట్టు దగ్గర మార్క్స్ ఏమన్నాడు, గాంధీ ఏమన్నాడు అని అరుచుకునేవాళ్ళం, టీ చల్లారిపోయేది. కర్ఫ్యూ ఎత్తేశాక మళ్ళీ కలిశాం. ఎవరూ ఏమీ మాట్లాడలా. మూడేళ్ళుగా వాళ్ళెవరో నాకు తెలుసు, వాళ్ళేమిటో తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలా, ఆ రోజు మాత్రం నలుగురం నలుగుర్నీ లోపల లెక్కేసుకుంటున్నట్టు అనిపించింది. టీ వేడిగా తాగేసి లేచిపోయాం. దీని గురించి ఇంతకంటే రాయలేను, ఆ ముగ్గుర్లో ఇద్దరు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తారు.

సెలూన్ కొన్నాళ్ళు మూసేశారు. తెరిచాక అద్దం పైన ఒక కొత్త అట్ట, ఎవరి చేతనో ఎర్ర ఇంకుతో రాయించింది, "ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు". బల్ల మీద పేపర్లు అలాగే ఉన్నాయి. జనం చదువుతున్నారు, మడత పెట్టి పెట్టేస్తున్నారు, కత్తెర చప్పుడు తప్ప ఏం లేదు. నా తల వంచి మిషన్ పెడుతూ కూడా ఏమీ అడగలేదు బాబాయ్. చదివిన వార్త ఎవరితోనూ అనకుండా ఇంటికి మోసుకెళ్తే ఎలా ఉంటదో నాకప్పుడే తెలిసింది, అజీర్తి చేసినట్టు ఉంటది.

రాజ్యాంగం 61వ సవరణ వచ్చి ఓటు వయసు 21 నుంచి 18 అయ్యింది, 1989 మార్చి నుంచి అమలు. లేకపోతే నా మొదటి ఓటు ఇంకా రెండేళ్ళు ఆగాల్సింది. నవంబర్‌లో అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఒకేసారి ఎన్నికలు. ఆ నెలలో ఒకరోజు సెలూన్‌కెళ్తే అట్ట గోడవైపు తిప్పేసి ఉంది. ఎవరు తిప్పారో బాబాయ్ చెప్పలా, గాలికి తిరిగిందన్నాడు. గాలికి తిరిగిన అట్టకి మేకు కూడా కొట్టుందండీ వెనకవైపు నుంచి.

ఓటుకి ముందురోజు రాత్రి నాన్నని అడిగా, ఎవరికెయ్యమంటావ్ అని. "నన్నడిగితే అది నా మూడో ఓటవుద్ది" అన్నాడు. మొదటిదేమో ఆయనది, రెండోది మరి ఎవరిదో. అమ్మనడిగితే విద్య గారు మళ్ళీ నిలబడ్డారుగా అంది, అంతే. రిక్షాలో ముగ్గురం పట్టం కాబట్టి నేను నడిచి వెళ్ళా. రెండు బ్యాలెట్ కాగితాలు, స్వస్తిక్ లాంటి రబ్బరు ముద్ర, అట్టపెట్టె చాటు. అయిదేళ్ళు అంత వాదించినవాణ్ణి, మ్యానిఫెస్టోలు అండర్‌లైన్ చేసుకున్నవాణ్ణి, ముద్ర చేతిలో పట్టుకున్నాక ఒక్క పాయింటూ గుర్తురాలా. ఒక కాగితం మీద గుద్దేటప్పుడు బాబాయ్ మొహం గుర్తొచ్చింది, రెండోదాని మీద గుద్దేటప్పుడు టీ కొట్టు. రెండూ రెండు వేర్వేరు పార్టీలకి పడ్డాయి. ఏవో మాత్రం చెప్పను, మా నాన్న కొడుకుని.

1994 గురించి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే అప్పటికి నాకు బాగా పొగరెక్కి ఉంది. పోటీ పరీక్షలకి చదువుతున్నా, సరళీకరణ, గాట్ ఒప్పందం, విదేశీ మారకద్రవ్యం అన్నీ నోటికి వచ్చు. ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కొత్తపేట కొండ మీద నుంచి వచ్చేది, ఒకరోజు ఆవిడకి ఎన్నికల గురించి వివరించబోయా. చేతికంటిన బూడిద కడుక్కుంటూ విని, "అవన్నీ సరే బాబూ, మా ఆయన ఒకటో తారీకు ఇంటికి డబ్బుల్తో వస్తాడా రాడా, అది చెప్పు" అంది. సారా అప్పటికే 1993 అక్టోబర్ నుంచి ఆపేశారు కదా అన్నా, నాకు తెలుసని. "సారా ఆపారు. బ్రాందీ కొట్టు మా సందు మొగలోనే ఉంది. ఇదివరకు ఇరవై తగలేసేవాడు, ఇప్పుడు యాభై" అంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు 1992లో మొదలుపెట్టిన గొడవ అది, రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకోడానికి కూర్చున్నవాళ్ళు పాఠంలో కథ తమ ఇంటి కథలాగే ఉందని లేచి సారా దుకాణం మీదకెళ్ళారు, అక్కణ్ణుంచి రాష్ట్రమంతా పాకింది. దాని గురించి నేను వ్యాసాలు చదివా. ఆవిడ ఒక్కటీ చదవలా. డిసెంబర్‌లో ఫలితాలొస్తే సంపూర్ణ మద్యనిషేధం అన్న ఎన్టీఆర్‌కి 216, కాంగ్రెస్‌కి 26. నేను మా ఇంట్లో కాగితం మీద రాసిపెట్టిన అంచనా చించేశా. ఆవిడ మర్నాడు మామూలుగానే వచ్చి అంట్లు తోమింది, నా వైపు చూడనైనా లేదు.

తర్వాతవన్నీ మీకూ తెలిసినవే. పట్టాలు తీసేసి రోడ్డేశారు, సెలూన్ ఉన్నచోటు గుర్తుపట్టడానికి నేనే రెండుసార్లు అటూ ఇటూ నడవాల్సొచ్చింది. ఇప్పుడు మాకు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుంది, 43 మంది. అందులో మా బావమరిది రోజుకి పది పంపిస్తాడు, ఇంకో పిన్నిగారబ్బాయి దానికి పది తిప్పికొడతాడు, ఎన్నికలొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు గ్రూపులోంచి వెళ్ళిపోతారు, పండక్కి మళ్ళీ కలుపుతాం. ఎక్కడిదిరా ఇది అంటే ఫార్వర్డ్ వచ్చింది అంటారు. బాబాయ్ కూడా ఎక్కడో విన్న మాటే చెప్పేవాడు లెండి, పెద్ద నిజాలేం కాదు, చాలా అబద్ధాలు కూడా చెప్పాడు. కాకపోతే పదిహేను రోజులకి మళ్ళీ ఆ కుర్చీలో నేను కూర్చోవాలి, అదే మొహం అద్దంలో ఆయనకి కనపడాలి.

2024 మే 13, ఎండ మండిపోతోంది. నాన్న పోయి పదిహేనేళ్ళు. అమ్మకి 78. ఆటోలో తీసుకెళ్ళా, అదే స్కూలు, బూత్ గది మారిందంతే. మిషన్ నొక్కేసి వచ్చాక వేపచెట్టు కింద కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ పాకెట్ ఇచ్చా. ఊరికే, మాటల్లోపెట్టడానికి అన్నా, నాన్న ఉంటే మీ ఇద్దరివీ కొట్టేసుకునేవి కదమ్మా అని.

"ఆ ఇందిరమ్మ పోయినేడు గుర్తుందా నీకు?" అంది.

గుర్తుందన్నా. నువ్వు చేతికేసుంటావ్ అన్నా.

"నేను సైకిల్‌కేశా. మీ నాన్న కాళ్ళు వాచేట్టు నడిచొచ్చారు నా ఓటు కోసం, ఆయన మొహం చూసి వెయ్యకపోతే ఎలా?"

నేనింకా తేరుకోకముందే మజ్జిగ పాకెట్ మూతి చీర కొంగుతో తుడుచుకుంటూ, "మీ నాన్న మాత్రం ఆ రోజు రిక్షాలో తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలా. నా వైపు చూడలా. దిగాక రిక్షావాడికి అర్ధరూపాయి ఎక్కువిచ్చారు" అంది.

అడిగావా అమ్మా, ఎవరికేశారని?

"అడిగితే చెబుతారా ఆయన" అని లేచి, ఆటో ఎక్కడుందని అటు చూసింది.